కుడి, ఎడమ, కుడి, కుడి

విస్తట్లో అన్నం చల్లారిపోయింది. బుల్లిరాజు పప్పు కలిపాడు, ముద్ద చేశాడు, ఆ ముద్దను ఓ పక్కకి నెట్టేసి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"అదేమిటి నాయనా, ఇంకా నెయ్యయినా వెయ్యందే!" అంది వీరరాఘవమ్మ నేతిగిన్నె పట్టుకుని.

"ఆకలిగా లేదమ్మా."

"భీమడోలులో రైలు దిగి ఇంత దూరం బండిలో కుదుపులు తింటూ వచ్చినవాడికి ఆకలి లేకపోవడమేమిటి?"

అతను తుండుగుడ్డతో చెయ్యి తుడుచుకుంటూ మండువా దాటి గదిలోకి వెళ్ళిపోయాడు. గుమ్మం పక్కన నిలబడ్డ భార్యవైపు కన్నెత్తి చూడలేదు. బండి దిగినప్పటినుంచీ చూడలేదు.

రాజ్యం విస్తరి తియ్యడానికి వంగింది. పరీక్ష బాగా రాసిన మగవాడు ఇలా ఉండడు. సరే, పాడుచేసుకున్నవాడు కూడా ఇలా ఉండడు. పోయిన వేసవిలో తప్పి వచ్చినప్పుడు సిగ్గుపడ్డాడు, రెండురోజులు ముసుగుపెట్టాడు, మూడోరోజున పెసరట్లు వేయించుకుని తిన్నాడు. ఇది అలాంటిది కాదు. ఇది కోపం. ఆ కోపం తనమీదే.

వీధి అరుగుమీంచి మామగారి గొంతు వినిపించింది. కొల్లేరు నీళ్ళు పొలం గట్టుదాకా వచ్చాయని నాలుగు రోజులుగా నరసరాజుగారు ఒకచోట కుదురుగా కూర్చోవడంలేదు. గంటకోసారి కర్ర పుచ్చుకుని గట్టుమీదికి పోవడం, జానెడు పెరిగిందనో బెత్తెడు తగ్గిందనో వచ్చి చెప్పడం, చెప్పిన చోటే నిలబడకుండా మళ్ళీ పోవడం.

"ఏరా బుల్లీ! ఎలా రాసేవు?"

గదిలోంచి మాట లేదు.

"నిన్నేరా!"

"రాసేనండి."

"రాసేవని నాకూ తెలుసు. ఎలా రాసేవని అడిగేను."

కర్ర అరుగుకు తగిలిన చప్పుడయింది.

"సరే, అర్థమైంది. చెప్పేనా లేదా? ఈసారి కూడా తప్పితే ఆ డాక్టరు చదువు చాలించి గట్టుమీదికి రమ్మన్నానా లేదా?"

రాజ్యం అత్తగారి దగ్గరికి జరిగింది. మామగారితో నేరుగా మాట్లాడే అలవాటు ఆ ఇంటి కోడళ్ళకు లేదు. ఆయనకు చెప్పవలసిందేదైనా ఉంటే అత్తగారితో చెప్పాలి, కాస్త గట్టిగా చెప్పాలి.

"అత్తయ్యగారూ, మంగళవారం నోటి పరీక్ష ఉందండి. అందులో బాగా చెబితే రాతలో పోయింది కలిసొస్తుందిటండి."

"నోటి పరీక్ష ఉందిటండీ," అంది వీరరాఘవమ్మ వీధివైపు.

"తండ్రి అడిగితేనే పెగలని నోరు అక్కడ పెగులుతుందా?" అన్నాడు నరసరాజుగారు. చెప్పుల చప్పుడు గట్టువైపు సాగిపోయింది.

రాజ్యం గదిలోకి వెళ్ళింది. బుల్లిరాజు మంచంపట్టెమీద కూర్చుని, జేబులోంచి తీసిన ప్రశ్నపత్రాన్ని మోకాలిమీద పెట్టుకుని చూస్తున్నాడు. పైన సెప్టెంబరు 1935 అని అచ్చయి ఉంది. దానికింద ఒక ప్రశ్నకు పెన్సిలుతో నాలుగైదుసార్లు గీత కొట్టుకున్నాడు. కాగితం చిరిగేలా కొట్టుకున్నాడు.

"తలుపు వెయ్యి."

వేసింది.

"గ్లూకోజు చెప్పు."

"ఇప్పుడా అండి?"

"ఇప్పుడే."

రాజ్యం కళ్ళు మూసుకుంది. "నిలువుగా ఒక కాడ. కాడకి ఆరు కణుపులు. పై కణుపుకి కలశం. అడుగు కణుపుకి ప్రమిద. నడిమి నాలుగు కణుపులకీ నాలుగు మొగ్గలు. కుడి, ఎడమ, కుడి, కుడి."

"ఏమన్నావూ?"

"కుడి, ఎడమ, కుడి, కుడి."

"నేను రాసింది కుడి, ఎడమ, ఎడమ, కుడి."

"అయ్యో! మర్చిపోయేరా?"

"మర్చిపోతే బాగుండును!" అతని గొంతు ఒక్కసారి లేచింది, తల్లి వింటుందని మళ్ళీ తగ్గింది. "మర్చిపోతే ఆ ప్రశ్న వదిలేసి ఇంకొకటి రాసేవాణ్ణి. మర్చిపోలేదు. నువ్వు మండువాలో వేసిన ముగ్గు కళ్ళముందు పెట్టుకుని చుక్క పొల్లుపోకుండా దింపేను. మధుమేహం మీద నాలుగు పేజీలు రాసేను. జన్మలో నేనంత చక్కగా రాసి ఎరగను. బయటికొచ్చి మా క్లాసు శ్రీనివాసరావుకి చెబితే పడీపడీ నవ్వేడు. అది గ్లూకోజు కాదుట. గాలక్టోజుట. పాలల్లో ఉండే చక్కెరట. ఒక్క మొగ్గ ఇటునుంచి అటు మారితే చక్కెరే మారిపోతుందిట. పైన గ్లూకోజని పేరు పెట్టి, పాలచక్కెర బొమ్మ వేసి, నాలుగు పేజీలు దానిచుట్టూ తిరిగేను!"

రాజ్యం ప్రశ్నపత్రం అందుకుని ఆ పెన్సిలు గీతలకేసి చూసింది.

బుల్లిరాజు మొద్దేం కాదు. ఎముకలన్నిటి పేర్లూ నిద్రలో అడిగినా చెబుతాడు. శవాన్ని చూసి తోటివాళ్ళు కళ్ళు తిరిగి పడితే వాళ్ళను మోసుకెళ్ళినవాడు. అతనికి కొరకరాని కొయ్య ఒక్కటే, ఒంట్లో రసాయనాల చదువు. ఆ గొలుసులూ, ఉంగరాలూ, దేనికి ఏ పక్కన ఏది వేలాడుతుందో, ఎంత చదివినా పొద్దున్నకి కలగాపులగమైపోయేవి. పరీక్ష తప్పి వచ్చి నోట్సు ముందేసుకుని ఏడుపు మొహంతో కూర్చుంటే, రాజ్యం వెనకనుంచి చూసి, "ఇవి ముగ్గులే కదండీ!" అంది.

ఆమె తాడేపల్లిగూడెం పిల్ల. లిడియా టీచరమ్మ ఇంటికొచ్చి మూడేళ్ళు తెలుగూ, ఇంగ్లీషు అక్షరాలూ నేర్పింది. గొలుసు బొమ్మలన్నీ రాజ్యం తన ముగ్గుల పుస్తకంలోకి దింపుకుంది. గోషా ఇల్లు కనుక వీధి ముగ్గు పాలేరు పెళ్ళాం వేస్తుంది. లోపల మండువాలో తులసికోట ముందు ముగ్గు కోడలిది. రోజుకో రసాయనం చొప్పున, ముఖ్యమైనవి మళ్ళీ మళ్ళీ, నలభై రోజులు వేసింది. బుల్లిరాజు వేపపుల్ల నములుతూ స్తంభానికి ఆనుకుని దాన్నే చూస్తూ కూర్చునేవాడు. బొమ్మలు లేనివాటికి కథలు కట్టింది. చక్కెర ఉన్న నీళ్ళతో కాస్తే నీలం మందు ఇటుకరంగుకి తిరుగుతుందని గుర్తుండటానికి, నీలం చీర కట్టుకుని పొయ్యి దగ్గరికెళ్ళిన తన పుట్టింటి పెద్దొదిన మొహం కందగడ్డలా చేసుకుని బయటికొచ్చిందని చెబితే, అతను పగలబడి నవ్వాడు. మళ్ళీ మర్చిపోలేదు.

ఆ నలభై రోజులూ రాజ్యం బతుకులో మంచి రోజులు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు.

"నేనలా వెయ్యలేదండి," అంది ఇప్పుడు.

"మరెవరు వేసేరు? తెల్లారకుండా లేచి ముగ్గేసింది నువ్వా, పొరుగింటివాళ్ళా?"

రాజ్యం పెట్టె తెరిచి, చీరల అడుగునుంచి ముగ్గుల పుస్తకం తీసింది. పేజీ తిప్పి చూపించింది. కుడి, ఎడమ, కుడి, కుడి.

అతను చూశాడు. చూసి ఇంకా నీరసపడ్డాడు.

"ఇక్కడ సరిగానే ఉంది. అంటే నేలమీద వేసేటప్పుడు చెయ్యి తప్పింది. ఎన్నింటికి తప్పిందో చెప్పు. ఎన్ని మొగ్గలు ఇటువి అటు వేసేవు?"

"పుస్తకంతో పోల్చి చూసుకోండి పోనీ."

"పుస్తకం మాత్రం ఎవరు రాసేరు? నువ్వే. నేలమీద తప్పిన చెయ్యి కాగితంమీద తప్పలేదని ఏమిటి నమ్మకం? నా బుర్రలో నలభై రోజుల ముగ్గులున్నాయి రాజ్యం. ఏది నిజమో ఏది కాదో తెలియదు. మంగళవారం ఆ పరీక్ష చేసే ఆయన ముందు కూర్చుని ఒక్క బొమ్మ వెయ్యాలంటే చెయ్యి ఆడుతుందా? వేస్తూ వేస్తూ, ఇది కూడా అంతేనేమో అనుకుంటాను. ఏమీ రాకపోయినా నయమే. వచ్చినదాన్ని నమ్మలేకపోవడం ఉంది చూడు..."

తలుపు తోసుకుని వీరరాఘవమ్మ వచ్చింది. చేతిలో గ్లాసు.

"అన్నం ఎలాగూ తినలేదు. ఈ పాలయినా తాగు నాయనా."

బుల్లిరాజు ఆ గ్లాసుకేసి చూసి నవ్వాడు. ఆ నవ్వుకి తల్లి భయపడింది.

"పాలా! పాలు నాలుగు పేజీలు తాగేనమ్మా."

"ఏమిటమ్మా వీడు?" అంది ఆమె కోడలితో. అంతలో మంచంమీద తెరిచి ఉన్న ముగ్గుల పుస్తకం కంటపడింది. మొహం తిప్పుకుంది. "ఈ గొడవ వద్దని నేను ముందే అనుకున్నాను. ఒంటిపక్క ముగ్గులు! చూడబుద్ధయ్యేది కాదు నాకు."

గ్లాసు కిటికీలో పెట్టి వెళ్ళిపోయింది. బుల్లిరాజు గోడవైపు తిరిగి పడుకున్నాడు. రాజ్యం మాత్రం ఆ 'ఒంటిపక్క' అన్న మాట దగ్గరే నిలబడిపోయింది.

మర్నాడు శుక్రవారం. తెలతెలవారుతుండగా రాజ్యం మండువా అలికి, తులసికోట ముందు గ్లూకోజు వేసింది. కలశం, ప్రమిద, నాలుగు మొగ్గలు. ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంది. తర్వాత రోజూలాగే పాలచెంబు తీసుకుని దొడ్లోకి వెళ్ళింది. రోజూలా అక్కడే ఉండిపోలేదు. పక్క నడవలోంచి తిరిగొచ్చి ధాన్యం గది తలుపు వెనక నిలబడింది. తన ఇంట్లో తాను దొంగలా నిలబడినందుకు ఒళ్ళంతా చెమట పట్టింది.

వీరరాఘవమ్మ తలారా స్నానం చేసి వచ్చింది. తులసమ్మకు నీళ్ళు పోసింది, మూడుసార్లు చుట్టూ తిరిగింది, దణ్ణం పెట్టింది. పెట్టి, ముగ్గుకేసి చూసింది. చుట్టూ చూసింది. మోకాళ్ళమీద కూర్చుని, తడిపమిట కొంగుతో కుడిపక్కనున్న మూడో మొగ్గని జాగ్రత్తగా అద్ది తీసేసింది. పక్కన గిన్నెలోంచి చిటికెడు ముగ్గు తీసి ఎడమపక్క అదే కణుపుకి అంతకన్నా చక్కటి మొగ్గ వేసింది. ఇటు రెండు, అటు రెండు.

"నా తండ్రి చల్లగా ఉండాలి," అనుకుంది పైకే.

రాజ్యం బయటికొచ్చింది. కోపం గొంతుదాకా వచ్చి ఉంది. ఆ కోపం పట్టున ఎలాంటి మాట అనేదో ఆమెకే తెలియదు. కానీ ఆ చివరి మాట విన్నాక నోరు తిరగలేదు.

"అత్తయ్యగారూ!"

వీరరాఘవమ్మ ఉలిక్కిపడి లేచింది. "ఏమ్మా, అప్పుడే పాలు తీసేవా?"

"ఆ మొగ్గ ఎందుకు మార్చేరండి?"

"చూసేవా!" అంది ఆమె. పట్టుబడ్డదానిలా కాక, దాచి ఇద్దామనుకున్న బహుమానం ముందే కనబడిపోయినట్టుగా కాస్త సిగ్గుపడింది. "చిన్నదానివి. నీకు చెబితే చిన్నబుచ్చుకుంటావని నేనే సర్దేస్తున్నాను. ఒక పక్క మూడు, ఒక పక్క ఒకటీనా? తులసమ్మ ముందు అలా ఒరిగిన ముగ్గు ఉండకూడదమ్మా."

"రోజూ సర్దేరా అండి?"

"ఇలా ఒరిగినప్పుడు మాత్రమే. నిండుగా ఉన్నవాటి జోలికి నేనెందుకు వెళ్తాను? ఆ రెండు రెక్కలది వేసేవు చూడు, ముచ్చటగా ఉంది."

అది యూరియా. రెండుపక్కలా సమానంగా ఉంటుంది. అందుకని బతికిపోయింది.

"అవి దేనికనుకున్నారండి?"

"వాడికి చదువు వంటబట్టాలని వేస్తున్నావు కదా! మీ టీచరమ్మ చెప్పిన యంత్రాలో ఏవో అనుకున్నాను. యంత్రం వంకరగా ఉంటే ఫలం వంకరగా ఉండదూ?" వీరరాఘవమ్మ తులసికోట అంచుమీద చెయ్యి ఆనించింది. గొంతు తగ్గింది. "కనకరాజు దోనె ఎక్కిన పొద్దున నేను ముగ్గు సగంలో వదిలేసేను. దూడ తాడు తెంపుకుందని లేచేను. ఒక పక్కే వేసేను. మళ్ళీ వచ్చి వేద్దామనుకున్నాను. మీ మామయ్యగారు కోసిన పనలు మునిగిపోతున్నాయని కేకేసేరు, వాడు పరిగెత్తేడు. సాయంత్రం ఒట్టి దోనె వచ్చింది. ఆ రెండో పక్క నేను వెయ్యనే లేదు."

రాజ్యం కాపరానికొచ్చేసరికే బావగారు పోయి మూడేళ్ళయింది. ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు. అత్తగారి నోట వినడం ఇదే మొదలు.

"ఇంతకీ ఎందుకడుగుతున్నావు? ఏమైనా తప్పు చేసేనా?"

చెప్పెయ్యొచ్చు. చెబితే తన తప్పు లేదని తేలిపోతుంది. భర్త మళ్ళీ మొహమెత్తి చూస్తాడు. పుస్తకాన్ని నమ్ముతాడు, రైలెక్కుతాడు. కానీ ఈ మనిషి ఏమవుతుంది? పెద్దవాడు తన సగం ముగ్గువల్ల పోయాడని పదేళ్ళుగా లోపల కుమిలిపోతున్న మనిషితో, రెండోవాడి చదువు నీ నిండు ముగ్గువల్ల పోయిందమ్మా అని ఎలా చెప్పడం?

"ఏం లేదండి," అంది రాజ్యం. "బాగుందండి."

పాలచెంబు తీసుకుని వెళ్ళిపోయింది. దొడ్లో ఆవు పక్కన కూర్చుని, ఎవరూ చూడకుండా ఏడ్చింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గదిలో బుల్లిరాజు పెట్టెలోంచి బట్టలు తీసి కొక్కేలకు తగిలిస్తున్నాడు. ప్రయాణానికి సర్దడం కాదది. ఉండిపోవడానికి.

"ఏవండీ, రేపు మధ్యాహ్నం బండికి వెళ్ళాలి కదండీ?"

"వెళ్ళను. నాన్నగారితో చెప్పేసేను. పొద్దున్న గట్టుమీదికి వస్తానన్నాను. బండి కట్టొద్దన్నాను."

రాజ్యం పొద్దుటినుంచీ కూడబలుక్కున్న మాట తీసింది.

"తప్పు నాదేనండి. ఆ ఒక్కటీ పొరపాటున వేసేను. మిగతావన్నీ పుస్తకంలో ఉన్నట్టే వేసేను. ఒట్టు."

అతను చేతిలో చొక్కాతో వెనక్కి తిరిగాడు. "నిన్న వెయ్యలేదన్నావు?"

"నిన్న భయమేసింది."

"ఇవాళ భయం లేదా?"

"ఉంది."

"ఆ ఒక్కటేనని నీకెలా తెలుసు?"

ఆమె కొక్కేనికి తగిలించిన చొక్కా తీసి మడత పెట్టసాగింది.

"నలభై రోజుల్లో గ్లూకోజు ఎన్నిసార్లు వేసేవు? ఆరేడుసార్లు వేసేవు. అన్నిసార్లూ అదే పొరపాటు పడ్డావు. పడినట్టు నీకు తెలియలేదు. తెలియకుండా పడిన పొరపాటు ఒక్కటేనని ఎలా లెక్కపెట్టేవు?"

అతని ప్రశ్నలో దోషం లేదు. రాజ్యం దగ్గర జవాబు ఉంది కానీ అది ఆమె ఇవ్వదగ్గది కాదు. నిజం చెప్పలేక అబద్ధమాడితే, అది ఎంత దూరం పోగలదో అంత దూరమే పోయి ఆగిపోయింది.

"నన్ను నమ్మండి," అంది.

"నమ్మేను కదా రాజ్యం. నలభై రోజులు నమ్మేను. పుస్తకం మూసేసి నీ ముగ్గునే నమ్మేను." అతని గొంతులో ఇప్పుడు కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది అనిపించింది ఆమెకు. "ఇక ముగ్గులు వెయ్యకు. ఏదైనా వేస్తే మామూలువి వెయ్యి. తామరలో, గుమ్మడిపూలో."

తలుపు అవతల గాజులు గలగలమన్నాయి. ఎవరో గోడ పట్టుకుని నిలదొక్కుకున్నట్టుగా అరచెయ్యి రాసుకున్న చప్పుడు. రాజ్యం గబుక్కున వెళ్ళి తలుపు తీసింది. నడవలో ఎవరూ లేరు. నడవవైపు కిటికీలోంచి నిన్నటి పాలగ్లాసు తీసినవాళ్ళు దాన్ని నడవలోనే దించిపెట్టి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం వీరరాఘవమ్మ తలనొప్పని పడుకుంది. నరసరాజుగారు గట్టుమీంచి వచ్చి, నీళ్ళు ఇంకో బెత్తెడు పెరిగాయని ఎవరూ అడక్కుండానే చెప్పాడు. పొద్దున్న బుల్లిగాడు వస్తాడు కనుక వాడికి పలుగూ గంపా చూపించాలన్నాడు. డాక్టరు కావలసిన చేతులకి పలుగు అప్పగించడం ఆయనకు ఇష్టమేమీ కాదు. కానీ మాట అన్నాక వెనక్కి తీసుకోవడం ఆ ఇంటి మగవాళ్ళకు రాదు.

అందరూ పెందలాడే దీపాలు తగ్గించుకుని పడుకున్నారు.

శనివారం తెల్లవారుతూనే రాజ్యం లేచి వంటింటి గూటిలో ముగ్గుగిన్నె కోసం చెయ్యి పెట్టింది. గిన్నె లేదు.

మండువాలోకి వచ్చి ఆగిపోయింది. పైనుంచి సన్నగా తుంపర పడుతోంది. తులసికోట ముందు నేల అప్పటికే అలికి ఉంది. వీరరాఘవమ్మ మఠం వేసుకుని కూర్చుంది. ఎడమచేత్తో తాటాకు గొడుగు పట్టుకుంది. ఆ గొడుగు తన తలమీద లేదు. ముగ్గుమీద ఉంది. ఆమె జుట్టూ భుజాలూ తడిసిపోతున్నాయి.

గొడుగుకింద కాడ, కలశం, ప్రమిద. కుడి, ఎడమ, కుడి, కుడి.

మూడో మొగ్గ దగ్గర నేలమీద తడి మరక ఉంది. ఒకసారి ఎడమపక్క వేసి, చెరిపి, మళ్ళీ కుడిపక్క వేసినట్టుంది.

"అత్తయ్యగారూ, లేవండి. తడిసిపోతున్నారు."

"వాణ్ణి పిలు."

"మీరు లేవండి ముందు."

"వాణ్ణి పిలవమన్నాను రాజ్యం!"

పిలవనక్కర్లేకపోయింది. గట్టుమీదికి వెళ్ళడానికి పంచె ఎగగట్టుకుని బుల్లిరాజు అప్పటికే గుమ్మంలోకి వచ్చాడు. తల్లినీ, గొడుగునీ, ముగ్గునీ చూశాడు.

"ఇదేమిటమ్మా?"

"ఇది నీ పెళ్ళాం వేసే ముగ్గు, ఉన్నది ఉన్నట్టు," అంది వీరరాఘవమ్మ. ముగ్గుమీంచి కళ్ళు తిప్పలేదు. తిప్పితే చెప్పలేనని ఆమెకు తెలుసు. "పొద్దున్నే అది పాలకి వెళ్ళేక ఆ మొగ్గ తుడిచి ఈ పక్క పెట్టేదాన్ని నేను. నాకు తెలియదు నాయనా. నీకు మంచిదనుకున్నాను. నిన్న మీ మాటలన్నీ విన్నాను. ఆ పిల్ల నాకోసం తనమీద వేసుకుంది."

బుల్లిరాజు భార్యకేసి చూశాడు. మూడు రోజుల్లో అదే మొదటిసారి. రాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయితే పుస్తకం నిజమే," అన్నాడు మెల్లగా, తనలో తను అనుకుంటున్నట్టు. "పుస్తకం నిజమే! ఈ ఒక్కటే కదమ్మా మార్చింది?"

వీరరాఘవమ్మ తల అడ్డంగా తిప్పింది.

"ఒకటి కాదు నాయనా. ఏడు."

ఒట్టు పెట్టి మరీ ఒక్కటేనని చెప్పిన రాజ్యానికి ఇన్ని ఉంటాయన్న ఊహే రాలేదు. బుల్లిరాజు పంచె తడుస్తోందని కూడా చూసుకోకుండా తల్లి ఎదురుగా నేలమీద కూలబడ్డాడు.

"ఏడా? ఏవో గుర్తున్నాయా?"

"గుర్తులేకేం? దేవుడి ముందు నేను పెట్టిన చుక్కలు నాకు గుర్తుండవా? రాజ్యం, ఈ గొడుగు పట్టుకోమ్మా."

రాజ్యం పట్టుకుంది. వీరరాఘవమ్మ పక్కకు జరిగి ఆరు చుక్కలు పెట్టి కలిపింది. ఒక మూలనుంచి తోక లాగింది. "దీనికి ఎదటి మూల బోసిగా ఉందని అక్కడొక చుక్క పెట్టి కొమ్మ తగిలించేను. అది నాది. చెరిపేసుకో."

బుల్లిరాజు పెదవులు కదిలాయి. చుక్క పెడితే ఒక పేరు, చుక్క తీస్తే ఒక పేరు. ఫినైల్ అలనిన్ అనుకుని నేర్చుకున్నది టైరోసిన్. అతను కళ్ళు మూసుకుని బుర్రలోంచి ఆ చుక్కని ఊడబెరికాడు. కళ్ళు తెరిచాక మొహంలోకి కాస్త నెత్తురొచ్చింది.

"మూడోది?"

ఆమె ముగ్గు తీసుకునేలోగా వీధి తలుపు దడాలున తెరుచుకుంది. నరసరాజుగారు మోకాళ్ళదాకా బురదతో వచ్చాడు. రొప్పుతున్నాడు.

"గట్టు తెగింది! చేలోకి పడుతున్నాయి నీళ్ళు! బుల్లీ, లే! దోనె తియ్యాలి, లే!"

బుల్లిరాజు లేవబోయాడు.

"వాడు లేవడండి," అంది వీరరాఘవమ్మ.

ముప్ఫై ఏళ్ళ కాపరంలో ఆయన మాటకు ఎదురు మాట ఆ నోట వినడం ఎవరికైనా అదే మొదలు. నరసరాజుగారు సరిగా వినపడనట్టుగా ఒక అడుగు ముందుకు వేశాడు. పాదం ముగ్గు అంచున పడబోయి ఆగింది. కుడి, ఎడమ, కుడి, కుడి. ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్న ఆ ముగ్గును చూసి ఆయన మొహం పాలిపోయింది. అలాంటి ముగ్గును ఆయన ఆ చోట ఇదివరకు ఒక్కసారే చూశాడు.

"ఎవరు వేసేరిది?"

"నేనే. తొక్కకండి. వాడు చదువుకుంటున్నాడు."

"చేను మునుగుతోందే!"

"పెద్దవాణ్ణి కూడా అలాగే కేకేసేరు," అంది ఆమె.

నరసరాజుగారి చేతిలో కర్ర కిందికి దిగిపోయింది. భీమడోలులో రైలు మధ్యాహ్నానికి. బండి ఇంకా కట్టలేదు. బుల్లిరాజు సగం లేచి, నేలమీద ఒక చెయ్యి ఆనించి, తండ్రికేసీ తల్లికేసీ మార్చి మార్చి చూస్తున్నాడు. రాజ్యం చేతిలో గొడుగు ఒరిగి, ఒక నీటిబొట్టు రెండో ముగ్గు తోకమీద పడింది.

వీరరాఘవమ్మ తల ఎత్తలేదు. గిన్నెలోంచి చిటికెడు ముగ్గు తీసుకుని మూడోది మొదలుపెట్టింది.